ఒకే డ్రమ్ములో పోసిన బియ్యం

ఢిల్లీ కంటోన్మెంటులోని మా తెలుగు సహవాసం ఆఫ్రికాలో ఒక చిన్న మిషన్‌ను చాలా ఏళ్ళు ఆదుకుందని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. అది నిజమే. అయితే ఆ ఆదుకోవడంలో పెద్ద వంతు మా ముగ్గురి కడుపుల మీదుగా జరిగిందన్న సంగతి ఎవరూ చెప్పరు. అందుకని నేనే రాస్తున్నాను.

ఇది తొంభైల మధ్యలో మాట. మావారు ఆర్మీలో హవల్దార్ క్లర్కు. మాకు రెండు గదుల క్వార్టరు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం హిందీవాళ్ళ ఆరాధన అయిపోయాక అదే చర్చి హాలు మాకు ఇచ్చేవారు. వాళ్ళు వెళుతూ ఫ్యాన్లు కట్టేసి వెళ్ళేవారు, మేము వచ్చి మళ్ళీ వేసుకునేవాళ్ళం. కాకినాడవాళ్ళు, కడపవాళ్ళు, ఖమ్మంవాళ్ళు, మా గుంటూరువాళ్ళు అందరం ఒకే పాట నాలుగు రకాల తెలుగుల్లో పాడేవాళ్ళం. ఎక్కువమంది ఫౌజీల కుటుంబాలే. ఆర్కే పురం నుంచి ప్రభుత్వ ఆఫీసులవాళ్ళు కొందరు వచ్చేవారు.

మిషన్ అంటే పెద్ద భవనాలూ బోర్డులూ అనుకోవద్దు. ఇద్దరే మనుషులు. కడప వైపు అమ్మాయి ఒకావిడ ఢిల్లీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ మా సహవాసానికి వచ్చేది. పెళ్ళయ్యాక భర్తతో కలిసి మలావీ అనే దేశానికి వెళ్ళిపోయింది. అక్కడ ఒక పెద్ద సరస్సు పక్కన పల్లెల్లో ఆవిడ కాన్పులు చేసేది, పసిపిల్లలను తూకం వేసి పాలపొడి కలిపి పట్టేది. ఆయన పాడైన చేతి పంపులు బాగుచేస్తూ, సాయంత్రాలు వాక్యం చెప్పేవాడు. ఆవిడ మా హాల్లో కూర్చుని వెళ్ళిన మనిషి కాబట్టి దాన్ని మా మిషన్ అనుకునేవాళ్ళం. అక్కడికి డబ్బు పంపడం అప్పట్లో తేలిక కాదు. అందుకని వచ్చినదానితో ఇక్కడే పాలపొడి, కట్టుగుడ్డ, మందులు కొని, అటు వెళ్ళేవాళ్ళెవరైనా దొరికితే వాళ్ళ సామానులో పెట్టి పంపేవాళ్ళం.

వచ్చేది ఎక్కడి నుంచి అంటే పిడికెడు బియ్యం నుంచి. మన వైపు సంఘాల్లో పెరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. నెలాఖరు ఆదివారం ఆ డబ్బా గుడికి తెస్తుంది. అందరి బియ్యమూ ఒకచోట పోసి వేలం పాడతారు. పాడుకున్నవాళ్ళు బియ్యం ఇంటికి తీసుకెళతారు, డబ్బు దేవుని పనికి వెళుతుంది. మా అమ్మ జీవితమంతా ఇలాగే చేసింది. మా ఊళ్ళో ఏ పేచీ రాలేదు. ఎందుకంటే మా ఊళ్ళో అందరి ఇంట్లోనూ ఒకే బియ్యం.

ఢిల్లీలో అలా కాదు. ఒకరింట్లో రేషను దుకాణం దొడ్డు బియ్యం. ఒకరింట్లో క్యాంటీను బియ్యం. కల్నల్‌గారింట్లో బాస్మతి. నెల్లూరువాళ్ళింట్లో రైల్లో తెచ్చుకున్న పాత బియ్యం, కర్నూలువాళ్ళింట్లో సోనా మసూరి. ఎవరో ఉప్పుడు బియ్యం కూడా తెచ్చేవారు, ఎవరో నాకు తెలుసు, రాయను. పురుగు పట్టకుండా ఒకరు వేపాకు వేస్తారు, ఒకరు ఆముదం రాస్తారు, ఒకరు బోరిక్ పౌడరు చల్లుతారు. ఇవన్నీ తెచ్చి ఒకే డ్రమ్ములో పోస్తే ఏమవుతుందో అన్నం వండే ఏ ఆడదానికైనా తెలుసు. బాస్మతి ఉడికేసరికి ఉప్పుడు బియ్యం రాళ్ళలా ఉంటుంది. ఉప్పుడు బియ్యం ఉడికేసరికి మిగిలినదంతా జావ అవుతుంది.

మొదటి నెలలోనే నేను చెప్పాను. మా స్త్రీల సమాజం ప్రెసిడెంటు కల్నల్‌గారి భార్య. మంచి మనిషే, నేను కాదనను. అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా చివర వెళ్ళేది. కానీ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఆవిడకు నేను ‘హవల్దార్ మిసెస్’.

“మేడం, బియ్యం కలపొద్దండి. ఎవరి సంచీ వాళ్ళదే ఉంచి, విడివిడిగా పాట పెట్టిద్దాం” అన్నాను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. “దేవుని సన్నిధిలో నా బియ్యం, నీ బియ్యం అని ఉంటుందా? అందరం ఒక్కటే అని కదా ఆ డ్రమ్ము.”

“అందరం ఒక్కటే మేడం. బియ్యం ఒక్కటి కాదు.”

“అచ్ఛా, ఈ విషయం ప్రార్థనలో పెడదాం” అంది.

ఏ సంగతైనా ప్రార్థనలో పెడదామన్నారంటే ఇక దాని గురించి ఎవరూ మాట్లాడకూడదని మా సంఘంలో అందరికీ తెలుసు.

వేలం పాడించేది సహవాసం సెక్రటరీ. ఆయన ఎయిర్‌ఫోర్సు మనిషి, గొంతు పెద్దది. డ్రమ్ము ముందు నిలబడి, “మలావీ పసిబిడ్డల కోసం, ఎవరండీ, ఎవరు?” అని అడిగేవాడు. అందరూ తల వంచుకునేవారు, భక్తిగా. అప్పుడు ప్రెసిడెంటు మేడం హాలు మీద ఒకసారి చూపు సారించేది. ఆ చూపు మావారి మీద పడేది. కల్నల్‌గారింటి చూపు పడితే మావారి చెయ్యి దానంతటదే లేచేది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చెయ్యి అలా తయారయింది.

“హవల్దార్ బ్రదర్, దేవునికి స్తోత్రం” అనేవాడు సెక్రటరీ. వేరే పాట ఉండేది కాదు.

స్కూటరు మీద ముందు బియ్యం మూట, వెనక నేను, మధ్యలో మా అమ్మాయి.

“అన్ని ఇళ్ళలో మగవాళ్ళున్నారు, మీ చెయ్యే ఎందుకు లేవాలండీ?” అనేదాన్ని.

“ఎవరో ఒకరు లేపాలి కదా.”

“ఆ ఎవరో ఒకరు ఒక్కసారైనా వేరేవాళ్ళు కావచ్చు కదా.”

ఆయన గేరు మార్చేవారు. 

ఆ బియ్యంతో నేను చేయని ప్రయత్నం లేదు. జల్లెడ పడితే సన్నం, దొడ్డు కొంతవరకు విడేవి గాని పాతవీ కొత్తవీ విడవు. నానబెట్టి వండాను, వార్చి వండాను, కుక్కర్లో పెట్టాను. ప్రతిసారీ ఒకే కంచంలో ఒకవైపు పలుకు, ఒకవైపు ముద్ద. పిండి పట్టిద్దామంటే చక్కీవాడు గోధుమల రాయి మీద బియ్యం పట్టనన్నాడు. పనిమనిషికి ఇస్తే మర్నాడు గిన్నెతో సహా తిరిగి తెచ్చింది. “దీదీ, బురా మత్ మాన్‌నా, మేరే బచ్చే నహీఁ ఖాతే” అంది, ఏమీ అనుకోవద్దు, తన పిల్లలు తినరట. మా అమ్మాయి మాత్రం తినాలి. అది కంచం ముందు కూర్చుని, “మమ్మీ, ఫిర్ సే చర్చ్‌వాలా చావల్?” అనేది, మళ్ళీ చర్చి బియ్యమేనా అని. తెలుగులో అడుగు అనేదాన్ని. తెలుగులో అడిగితే రుచి మారుతుందా అని హిందీలోనే అనేది.

ఏడాది చివర మలావీ నుంచి ఒక క్యాసెట్టు వచ్చింది. నర్సమ్మ గొంతు, వెనక కోళ్ళ అరుపులు. పాలపొడి అందిందని, పిల్లలు కోలుకుంటున్నారని చెప్పింది. వినిపించాక సెక్రటరీ లేచి వందన సమర్పణ చేశాడు. ప్రెసిడెంటుగారి నడిపింపుకు, కల్నల్‌గారి ప్రోత్సాహానికి, క్యాసెట్టు ప్లేయరు ఇచ్చినవారికి, డ్రమ్ము ఇచ్చినవారికి వందనాలు చెప్పి, చివర ‘తదితరులకు’ అన్నాడు. డ్రమ్ము ఇచ్చిన మనిషికి పేరు ఉంది. డ్రమ్ములోది తిన్నవాళ్ళం తదితరులం.

అప్పుడు నిర్ణయించుకున్నాను. నాకు వందనాలు అక్కర్లేదు. ఆ బియ్యం అలా కలపడం పొరపాటని ఎవరో ఒకరు, హాల్లో, అందరి ముందు ఒక్కసారి అనాలి. అంతకన్నా తక్కువకు నేను ఒప్పుకోను. మావారితో ఆ మాట చెబితే, “అంటే ఏమవుతుంది?” అన్నారు. అంటే అన్నట్టవుతుంది అన్నాను.

ఆ తర్వాతి చలికాలంలో నర్సమ్మ సెలవు మీద వచ్చింది. భర్త అక్కడే ఉండిపోయాడు, ఆవిడ ఒక్కతే కడప వెళ్ళి, తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో దిగింది. ఆదివారం ఆవిడ సాక్ష్యం, తర్వాత భోజనం అనుకున్నాం. ముందు వారం సమాజంలో ప్రెసిడెంటు మేడం కళ్ళు మూసుకుని తెరిచింది.

“నాకొక ఆలోచన ఇచ్చాడు ప్రభువు. ఆ రోజు పిడికెడు బియ్యమే వండుదాం. ఏ బియ్యంతో ఆమె పరిచర్య నడుస్తోందో, ఆ బియ్యమే ఆమె తినాలి. ఎంత బాగుంటుంది.”

అందరూ చాలా బాగుంటుందన్నారు. వాళ్ళెవరూ ఆ అన్నం తిన్నవాళ్ళు కాదు.

“హవల్దార్ మిసెస్, ఆ బియ్యం నీకు అలవాటే కదా. నువ్వు వండేయ్” అంది మేడం.

“వండుతాను మేడం. ఎలా ఉడికితే అలా పెడతాను” అన్నాను.

“నీ చేతి వంటకు వంక ఏముంటుంది.”

ఆ మాట అందరూ విన్నారు కదా అని చుట్టూ చూసుకున్నాను.

శనివారం రాత్రి మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, “మన ఇంట్లో సోనా మసూరి కొంచెం ఉంది కదా, అది వండి పెట్టరాదూ, ఎవరికి తెలుస్తుంది?” అన్నారు. తెలియకపోవడమే నా ఇబ్బంది అన్నాను. సోనా మసూరి వండితే డ్రమ్ము బియ్యం బాగా ఉడుకుతుందని లోకం అనుకుంటుంది. జన్మంతా తినాల్సింది నేను. చెప్పిన బియ్యమే ఏరాను, కడిగాను, చర్చి వెనక రేకుల షెడ్డులో పెద్ద గిన్నె పెట్టి వండాను. ఏ దొంగపనీ చేయలేదు. ఇంట్లో ఎంత శ్రద్ధగా వండుతానో అంత శ్రద్ధగానే వండాను. ఎలా రావాలో అలాగే వచ్చింది.

నర్సమ్మ బాగా నల్లబడింది, సన్నబడింది. చేతిలో ఫోటోలు పట్టుకుని మాట్లాడింది. తూకం బుట్టలో వేలాడుతున్న పిల్ల, నీళ్ళు పడిన పంపు చుట్టూ ఆడవాళ్ళు. ఒక ఫోటోలో ఒక డబ్బా. దాని మీద మా కంటోన్మెంటు బజారు దుకాణం ముద్ర కనిపించింది. ఆ డబ్బా నేనే మోసుకొచ్చాను, నాకు గుర్తుంది. ఆ డబ్బా పక్కన ఒక తల్లి నవ్వుతూ బిడ్డను ఎత్తి చూపిస్తోంది. ఈ బిడ్డ ఉంటాదని మేము అనుకోలేదు అంది నర్సమ్మ.  నేను ఆ ఫోటో అడిగి తీసుకుని ఇంకోసారి చూశాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తర్వాత భోజనాలు. ప్రెసిడెంటు మేడం తానే గరిటె అందుకుని నర్సమ్మ కంచంలో అన్నం పెట్టింది, పప్పు వేసింది, ఇది ఏ బియ్యమో చెప్పింది. అందరూ ఆవిడ మొదటి ముద్ద కోసం చూశారు. నేనూ చూశాను, అందరికన్నా ఎక్కువగా. నర్సమ్మ నమిలింది. నమలడానికి కొంచెం సమయం పట్టింది.

“బాగుంది మేడం” అంది. “ఇంకొంచెం పెట్టండి.”

ఆవిడ రెండోసారి పెట్టించుకోగానే హాలంతా తినడం మొదలుపెట్టింది. కల్నల్‌గారు ఒక ముద్ద తిని నీళ్ళు తాగారు. సెక్రటరీ దవడ పట్టుకున్నాడు. ఆర్కే పురంవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కానీ అక్కడి నుంచి ఇక్కడి దాకా వచ్చిన మనిషి బాగుందన్న అన్నాన్ని బాగాలేదని ఎవరంటారు? ఎవరూ అనలేదు. అందరూ తిన్నారు. నాకు రావలసిన మాట మజ్జిగన్నంతో పాటు కిందికి దిగిపోయింది.

నేను షెడ్డులోకి వెళ్ళి గిన్నెలు తోముతుంటే నర్సమ్మ వెనకే వచ్చింది. స్వెట్టరు చేతులు పైకి మడిచి నా పక్కన కూర్చుని ఒక గిన్నె లాక్కుంది.

“అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోగాకు. ఈ బియ్యం నెలనెలా ఇంటికి తీసుకపోయేది ఎవరు?”

“మేమే.”

“తింటాండారా?”

“తింటున్నాం.”

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. “అయ్యో అక్కా. సగం ఉడకలేదు, సగం పాచిపోయినట్టుండాది. బియ్యం అట్ల కలపకూడదు కదా.”

చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. నేను ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న మాట అది, అక్షరం పొల్లు పోకుండా. చుట్టూ చూశాను. షెడ్డులో ఒక పిల్లి ఉంది.

“పద, ఈ మాట హాల్లోకి వచ్చి చెప్పు” అన్నాను.

“వద్దక్కా.”

“ఎందుకు వద్దు? నిజమే కదా. నువ్వంటే వింటారు. నేనంటే ప్రార్థనలో పెడతారు.”

ఆవిడ నవ్వింది, వెంటనే ఆపుకుంది. “ఇచ్చినోళ్ళ దగ్గర బాగలేదని చెప్పేకి మాకు కుదరదక్కా. ఆడ ఎవురేమి పెడితే అది తింటాం. మొక్కజొన్న సంకటి పెడితే సంకటి, ఏమీ లేకపోతే ఏమీ లేదు. బాగలేదనే అలవాటే పోయింది. ఆయమ్మ మనసు నొచ్చుకుంటే రేపు పాలపొడి ఎవురు పంపుతారు? ఆ ఫోటోలో పిల్లకి ఇంకో ఆరు నెలలన్నా పట్టల్ల.”

“నా మనసు నొచ్చుకుంటే?”

“నువ్వు నొచ్చుకున్నా పంపుతావు కదక్కా” అంది.

ఆ మాటలో న్యాయం ఉందో లేదో నేటికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పుడైతే చెయ్యి కడుక్కుని, మరి ఎలా అని మాత్రం అడిగాను. ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ కొంచెం ఆలోచించింది. తర్వాత గొంతు తగ్గించి, “అశోకా రోడ్‌లో మన భోజనం దొరుకుతుందంట కదా, రేపు అన్నతో చెప్పి తీసుకపోతావా, ఆకలి సంపుతాంది” అని, లేచి హాల్లోకి వెళ్ళింది.

ముగింపు ప్రార్థనకు ముందు ఆవిడ ప్రెసిడెంటు మేడం చేతులు పట్టుకుంది.

“మేడం, నాకొక కోరిక. అక్కడ నేను ఒక్కొక్క ఇంటి కోసం ప్రార్థన చేయాలనుకుంటాండా. బియ్యమంతా ఒకటే అయిపోతే ఏ ఇల్లు ఏది ఇచ్చిందో నాకు తెలీదు కదా. ఎవరి సంచీ వాళ్ళదిగా ఉంటే, ఆ సంచీ పేరు చెప్పి ప్రార్థిస్తా.”

మేడం కళ్ళు చెమర్చాయి. “చూశారా,” అంది హాలు వైపు తిరిగి. “మనకు తట్టలేదు ఇది. వచ్చే నెల నుంచి డ్రమ్ము లేదు. ఎవరి సంచీ వాళ్ళదే, పేరు రాసి కుట్టండి. విడివిడిగా పాట. ఇది ప్రభువు నాకు చూపించిన మార్గం.”

ఆమేన్ అన్నారు అందరూ. నేనూ అన్నాను, ఆలస్యంగా.

తర్వాతి నెలాఖరు ఆదివారం బల్ల మీద సంచులు వరసగా పెట్టారు. అలాంటి వేలం మా హాల్లో ఎప్పుడూ జరగలేదు. కర్నూలువాళ్ళ సోనా మసూరి కోసం ఎయిర్‌ఫోర్సువాళ్ళూ ఆర్కే పురంవాళ్ళూ పోటీ పడ్డారు. ఢిల్లీలో ఆ బియ్యం మొహం చూసి ఎన్నాళ్ళయిందో అందరికీ. మేడంగారి బాస్మతికి నలుగురు పాడారు. రేషను బియ్యం కూడా ఇడ్లీలకు బాగుంటుందని ఎవరో పాడుకున్నారు. మావారు హాయిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

చివరకు మా సంచీ వచ్చింది. ఇంట్లో డ్రమ్ము బియ్యం ఇంకా మిగిలి ఉంది. ఆ నెలంతా మేము వండుకున్నది అదే, రోజూ పిడికెడు తీసింది కూడా అందులోంచే. వేరే ఎక్కడి నుంచి తెస్తాను?

సెక్రటరీ సంచీ మూతి విప్పి, గుప్పిట్లోకి తీసుకుని వెలుతురులో చూశాడు. “ఇదేంటి సిస్టర్, ఇన్ని రకాలున్నాయి?” అన్నాడు మైకులో.

ముందు వరస నుంచి ప్రెసిడెంటు మేడం లేచి వచ్చింది. తానూ నాలుగు గింజలు అరచేతిలో వేసుకుంది. నా వైపు తిరిగి, కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. “బియ్యం ఇలా కలపకూడదు కదమ్మా, ఉడకదు. దేవునికిచ్చేది కొంచెం చూసుకుని ఇవ్వాలి.”

హాల్లో, అందరి ముందు, స్పష్టంగా అంది. వెనక వరసవాళ్ళు కూడా తలలూపారు.

“అవును మేడం” అన్నాను.

ఎవరూ పాడలేదు. మేడం చూపు హాలు మీద తిరిగింది. మావారి చెయ్యి లేచింది.

ఆ నెల అటు వెళ్ళేవాళ్ళ పెట్టెలో పాలపొడి ఎప్పటికన్నా ఎక్కువ పెట్టాం. మూత పడకపోతే నేను పెట్టె మీద కూర్చున్నాను, మావారు తాళం వేశారు. వందన సమర్పణలో తాళం ఇచ్చినవారి పేరు వచ్చింది.